సినిమాలు, టీవీ, పిల్లల చదువు: చెన్నైలోని తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగాల కోసం షోలింగనల్లూరు, పెరుంగుడి వైపు వచ్చి స్థిరపడిన కొత్త కుటుంబాలు, పెరంబూరు, కొరట్టూరు, జార్జిటౌన్ ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న పాత కుటుంబాలు కొద్దిపాటి తేడాలతో అడిగే ప్రశ్నలనే ఇక్కడ చేర్చాం. పరిశోధనల్లో తేలిన విషయాలను వాటి పేరుతోనే చెప్పాం. మిగిలినవి పిల్లలకు చాలాకాలం పాఠాలు చెప్పిన అనుభవం మీద ఏర్పడిన అభిప్రాయాలు; వాటితో విభేదించే హక్కు పాఠకులకు ఎప్పుడూ ఉంటుంది.

టీవీ, సినిమాలు ఎక్కువగా చూస్తే మార్కులు తగ్గుతాయన్నది నిజమేనా?

ఎక్కువగా టీవీ చూసే పిల్లల సగటు మార్కులు కొంత తక్కువగా ఉండటం అనేక దేశాల్లో గమనించిన విషయమే. అయితే ఆ తగ్గుదలకు టీవీయే కారణమని అంత తేలికగా చెప్పలేం. లెక్కలు అర్థం కాక విసుగెత్తిన పిల్లవాడు టీవీ ముందు చేరవచ్చు. తల్లిదండ్రులిద్దరూ రాత్రి ఎనిమిదింటికి గానీ ఇల్లు చేరని కుటుంబంలో సాయంత్రపు ఒంటరితనాన్ని టీవీ పూరించవచ్చు. అటువంటి ఇంట్లో టీవీని అటకెక్కించినంత మాత్రాన ప్రోగ్రెస్ కార్డు మారిపోదు.

ఈ చిక్కుముడిని విప్పడానికి చేసిన ప్రయత్నాల్లో న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరపు అధ్యయనం ముఖ్యమైనది. అక్కడ 1972-73లో పుట్టిన సుమారు వెయ్యి మందిని చిన్ననాటి నుంచి గమనిస్తూ, 5 ఏళ్ల నుంచి 15 ఏళ్ల వరకు వారు రోజుకు ఎంతసేపు టీవీ చూసేవారో నమోదు చేసి, 26 ఏళ్ల వయసులో ఎవరు ఎంతవరకు చదివారో పరిశీలించారు. ఆ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. కుటుంబ ఆర్థిక స్థితిని, పిల్లల తెలివితేటలను, చిన్ననాటి ప్రవర్తన సమస్యలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, ఎక్కువగా టీవీ చూసినవారు చదువులో వెనుకబడినట్టే తేలింది. బాల్యంలో ఎక్కువగా చూసినవారిలో డిగ్రీ పొందినవారు తక్కువ. కౌమారంలో ఎక్కువగా చూసినవారిలో ఏ అర్హతా లేకుండా బడి మానేసినవారు ఎక్కువ.

దీనికి భిన్నమైన ఆధారమూ ఉంది. అమెరికాలో టీవీ ప్రసారాలు ఒక్కో నగరానికి ఒక్కో ఏడాది చేరాయి. ఆ తేడాను ఆధారం చేసుకుని, బడి వయసుకు ముందే టీవీ చూసిన పిల్లలు 1965లో రాసిన పరీక్షలను ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు పరిశీలించి, 2008లో తమ ఫలితాలను ప్రచురించారు. వారికి చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు సరికదా, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని కుటుంబాల పిల్లలకు కొంత మేలు జరిగిన సూచనలు కనిపించాయి. 2019లో జామా పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 58 అధ్యయనాలను పరిశీలించింది. తెర ముందు గడిపిన మొత్తం సమయానికీ మార్కులకూ దానిలో సంబంధం తేలలేదు. టీవీని మాత్రం విడిగా చూస్తే భాషలోనూ గణితంలోనూ వెనుకబాటు కనిపించింది.

వీటన్నిటినీ చదివాక మాకు కలిగిన అభిప్రాయం ఇది: టీవీ పిల్లల బుర్రను నేరుగా పాడుచేస్తుందన్న వాదనకు ఆధారాలు బలంగా లేవు. టీవీ నిద్రను, హోంవర్కును, పుస్తక పఠనాన్ని, ఇంట్లో మాటలను పక్కకు నెట్టిన చోట నష్టం స్పష్టంగా ఉంది. కింది జవాబులన్నీ ఈ దృష్టితో రాసినవే.

అయితే రోజుకు ఎంతసేపు చూడనివ్వవచ్చు?

చిన్నపిల్లల విషయంలో స్పష్టమైన సూచనలున్నాయి. ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దనీ, 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. రెండేళ్లలోపు పిల్లలకు వీడియో కాల్ తప్ప ఏ తెరా వద్దని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. బడికి వెళ్లే పిల్లలకు మాత్రం గంటల లెక్క కంటే, నిద్ర, ఆట, చదువు, కుటుంబంతో గడిపే సమయం తగ్గకుండా చూడటమే ప్రధానం.

అయినా గంటల లెక్క పనికిరానిదేమీ కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. రోజుకు మూడు గంటలు టీవీ చూసే పిల్లవాడు ఏడాదిలో 1095 గంటలు దాని ముందు గడుపుతాడు. అంటే గురువులందరూ కలిసి పాఠం చెప్పే సమయం కంటే అతడు తెర ముందు కూర్చునే సమయమే ఎక్కువ. తల్లిదండ్రుల సమావేశంలో ఈ లెక్క చెప్పినప్పుడు చాలామంది వెంటనే నమ్మరు. ఇంటికి వెళ్లి ఆదివారాలు కూడా కలిపి లెక్క వేసుకున్నాక నమ్ముతారు.

రాత్రి భోజనం తరువాత చూస్తే నష్టమేమిటి? హోంవర్కు అప్పటికే అయిపోతుంది కదా.

హోంవర్కు అయిపోవచ్చు గానీ, నిద్ర మిగిలి ఉంటుంది. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు నిద్ర అవసరమని అమెరికన్ నిద్రావైద్య సంస్థ 2016లో నిర్ధారించింది. చెన్నైలో చాలా పాఠశాలల బస్సులు ఉదయం ఏడింటి లోపే వీధి చివరకు వచ్చేస్తాయి. ఆరింటికి లేవవలసిన ఏడో తరగతి అమ్మాయి తొమ్మిది గంటలు నిద్రపోవాలంటే రాత్రి తొమ్మిదికల్లా పక్క మీద ఉండాలి. ఇంటిల్లిపాదీ ఇష్టపడే రియాలిటీ షో సరిగ్గా ఆ సమయానికే మొదలవుతుంది.

ఇక్కడ జరిగేది రెండు రకాల నష్టం. పగలు నేర్చుకున్న విషయాలను మెదడు నిద్రలోనే స్థిరపరచుకుంటుంది కనుక, నిద్ర తగ్గితే నిన్నటి పాఠం నిలవదు. మరునాడు మొదటి రెండు పీరియడ్లలో కళ్లు తెరిచి ఉన్నా మనసు పనిచేయదు కనుక, ఈనాటి పాఠం ఎక్కదు. చాలా బడుల్లో లెక్కల పాఠాన్ని ఉదయం పూటే పెడతారు. నిద్ర చాలని పిల్లలు ముందుగా లెక్కల్లోనే జారిపోవడానికి ఇదొక కారణమని మేము భావిస్తాం. పైగా ఉత్కంఠ రేపే దృశ్యాలు చూసిన వెంటనే నిద్ర పట్టదు. తెర వెలుతురు నిద్రను తెచ్చే మెలటోనిన్ ఉత్పత్తిని ఆలస్యం చేస్తుంది. పడుకునే వేళకు కనీసం గంట ముందు టీవీ, ఫోను ఆపేయమని వైద్యులు చెప్పేది అందుకే. ఈ పేజీలో ఒక్క సలహాను మాత్రమే పాటించగలిగితే, దీనినే పాటించమని మా విన్నపం.

మాది రెండు గదుల ఫ్లాటు. అత్తగారు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు హాల్లో సీరియళ్లు చూస్తారు. పిల్లవాడు అక్కడే కూర్చుని హోంవర్కు చేస్తాడు. ఏం చేయాలి?

చెన్నై అద్దెలు తెలిసినవారెవరూ ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోరు. ముందుగా విషయం చూద్దాం. నెదర్లాండ్స్‌లో ఉన్నత పాఠశాల విద్యార్థుల చేత హోంవర్కు చేయిస్తూ, కొందరి ఎదుట వారి సొంత భాషలోని సీరియలును, కొందరి ఎదుట సంగీత కార్యక్రమాన్ని నడిపి పరిశీలించారు. ఆ ఫలితాలు 2003లో వచ్చాయి. సీరియలు నడిచినప్పుడు పిల్లలకు పని పూర్తి చేయడానికి ఎక్కువ సమయం పట్టింది, పని నాణ్యత కూడా తగ్గింది. సంగీతానికి ఆ ప్రభావం కనిపించలేదు. అర్థమయ్యే భాషలో సాగే కథ చెవిని లాక్కుంటుంది. కోడలికి ఎదురైన ఆపద ఏమైందో తెలుసుకోకుండా భిన్నాల లెక్క చేయడం ఎవరికైనా కష్టమే.

ఇక అత్తగారి సంగతి. పగలంతా పిల్లలను కనిపెట్టుకుని ఉండి, భాష తెలియని ఊరిలో పలకరించేవారు లేక, సాయంత్రం కోసం ఎదురుచూసే పెద్దావిడకు ఆ మూడు గంటలే లోకం. ఆమె చేతిలో నుంచి రిమోట్ తీసుకోవడం న్యాయం కాదు, ఆ పని చేసిన ఇళ్లలో చదువు బాగుపడిన దాఖలాలూ మాకు కనబడలేదు. ఆవిడనే అడగండి: "అత్తయ్యా, వాడి హోంవర్కు అయ్యేదాకా ఒక్క గంట ఆపుదామా? మీ సీరియలు తరువాత ఫోనులో పెట్టిస్తాను" అంటే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, మనవడి చదువు మీద వారికున్న శ్రద్ధ మనకంటే తక్కువేమీ కాదు. చానళ్ల యాప్‌లలో అవే సీరియళ్లు మరునాడు పగలు కూడా చూడవచ్చు. అదీ కుదరకపోతే టీవీకి హెడ్‌ఫోన్ పెట్టి, పిల్లవాడిని తెరకు వీపు పెట్టి కూర్చోబెట్టడం మధ్యేమార్గం. కొన్ని అపార్ట్‌మెంట్లలో నలుగురైదుగురు పిల్లలను సాయంత్రం పూట కమ్యూనిటీ హాల్లో కూర్చోబెట్టి చదివిస్తున్నారు. అన్నిటికంటే బాగా నడిచిన ఏర్పాటు అదే.

పిల్లల గదిలో వేరే టీవీ పెడితే హాల్లో గొడవ ఉండదు కదా?

పెట్టవద్దు. కాలిఫోర్నియాలో మూడో తరగతి పిల్లల మీద చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, పడకగదిలో టీవీ ఉన్న పిల్లలకు గణితం, పఠనం, భాష మూడింటిలోనూ తక్కువ మార్కులు వచ్చాయి. ఈ రోజుల్లో పడకగది టీవీ స్థానంలోకి ఫోను వచ్చింది కనుక, రాత్రి పూట ఫోన్లన్నిటికీ చార్జింగు హాల్లోనే పెట్టడం మంచిది, పెద్దవారి ఫోన్లతో సహా.

టీవీ వల్ల పుస్తకాలు చదివే అలవాటు పోతుందంటారు. ఇది పెద్దల ఫిర్యాదేనా, లేక దానిలో నిజముందా?

నిజముంది. కెనడాలోని ఒక చిన్న ఊరికి కొండల అడ్డం వల్ల 1973 వరకు టీవీ ప్రసారాలు అందలేదు. పరిశోధకులు టీవీ రావడానికి ముందు ఒకసారి, వచ్చిన రెండేళ్లకు మరొకసారి ఆ ఊరి పిల్లలను పరీక్షించి, అప్పటికే టీవీ ఉన్న మరో రెండు ఊళ్లతో పోల్చారు. టీవీ లేని కాలంలో ఆ ఊరి పిల్లలు సృజనాత్మకత పరీక్షల్లో మిగతావారి కంటే ముందుండేవారు. టీవీ వచ్చాక ఆ ఆధిక్యం పోయింది. చదవడం నేర్చుకునే మొదటి మూడు నాలుగేళ్లలో బిడ్డకు చదవడం కష్టంగానే ఉంటుంది. ఆ కష్టాన్ని దాటేంత సాధన జరిగితే తప్ప చదవడంలోని ఆనందం తెలియదు. ఏ కష్టమూ లేని వినోదం చేతికి అందుబాటులో ఉంటే, ఆ సాధనే జరగదు. అందుకే ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు సాయంత్రపు టీవీ విషయంలో, పదో తరగతిలో కంటే గట్టిగా ఉండాలని మా అభిప్రాయం. చాలా ఇళ్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతోంది.

అన్నం తినిపించడానికి కార్టూన్లు పెడతాం. బడి వయసే రాలేదు కదా, చదువుకు దీనితో ఏమి సంబంధం?

మూడేళ్ల లోపు ఎక్కువగా టీవీ చూసిన పిల్లలు తరువాత పఠనం, జ్ఞాపకశక్తి పరీక్షల్లో కొంత వెనుకబడినట్టు 2005 నాటి ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. ఆ వయసులో భాష వచ్చేది ఎదుటి మనిషి ముఖం చూస్తూ మాట్లాడటం వల్ల. చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టే పద్ధతిలో ముద్దకొక మాట ఉండేది. ఫోను పెట్టాక ముద్ద మిగిలింది, మాట పోయింది. అలాగే, వేగంగా దృశ్యాలు మారే కార్టూన్ తొమ్మిది నిమిషాలు చూసిన నాలుగేళ్ల పిల్లలు వెంటనే ఇచ్చిన ఏకాగ్రత పనుల్లో తడబడినట్టు 2011లో తేలింది. అది అప్పటికప్పుడు కనిపించిన ప్రభావమే గాని, శాశ్వత నష్టమని ఎవరూ నిరూపించలేదు. అందువల్ల ఇప్పటికే అలవాటైపోయిందని దిగులు పడనక్కరలేదు.

మేము విజయవాడ నుంచి వచ్చాం. పాపకు బడిలో తమిళం తప్పనిసరి. తమిళ సినిమాలు, టీవీ చూపిస్తే తమిళం వస్తుందా?

మాట్లాడటం వస్తుంది, మార్కులు రావు. 2006 నాటి చట్టంతో మొదలై దశలవారీగా పదో తరగతి వరకు తమిళం తప్పనిసరి పాఠ్యాంశం అయింది కనుక, ఈ ప్రశ్న ఏటా జూన్ నెలలో వస్తుంది. తమిళంలో మాట్లాడే భాషకూ రాసే భాషకూ మధ్య దూరం చాలా ఎక్కువ. సినిమాలో, బజారులో వినబడే క్రియారూపాలు పాఠ్యపుస్తకంలో కనబడవు. సినిమాలు చూసి ధారాళంగా మాట్లాడే పిల్ల కూడా పరీక్షలో ఆ మాటలనే రాస్తే తప్పులవుతాయి. అయితే సినిమా వల్ల మరో మేలు ఉంది. ఆటస్థలంలో తోటిపిల్లలు దేనికి నవ్వుతున్నారో అర్థమైతే బడి పరాయిగా అనిపించదు. బెరుకు తగ్గిన పిల్ల తరగతిలో సందేహం అడుగుతుంది.

రాత తమిళం చెవికి అలవాటు కావాలంటే సినిమాల కంటే వార్తలు మేలు; వార్తలు చదివేవారు గ్రాంథికానికి దగ్గరగా ఉండే తమిళం వాడతారు. రోజూ పది నిమిషాలు వార్తలు వింటూ, తెర కింద నడిచే అక్షరాలను చదివించండి. తమిళనాడు ప్రభుత్వం 2019లో ప్రారంభించిన కల్వి టీవీలో పాఠ్యపుస్తకపు పాఠాలే వస్తాయి. వాటిని చిన్న తరగతుల నుంచి మొదలుపెట్టి చూపించవచ్చు. ఆరో తరగతి పాప రెండో తరగతి పాఠం చూడటంలో చిన్నతనమేమీ లేదు.

తెలుగు సంగతేమిటి? ఇక్కడి మా పిల్లలకు తెలుగు రావడానికి సినిమాలే దిక్కు.

వినికిడికి సినిమా నిజంగానే ఉపయోగపడుతుంది, అక్షరాలకు కాదు. ఈ లోటు తీర్చడానికి ఒక మార్గముంది. సినిమా పాటలను అదే భాష లిపిలో, పదం పదం వెలుగుతూ తెర మీద చూపిస్తే, అక్షరాలు కొద్దిగా వచ్చినవారి పఠనం మెరుగుపడుతుందన్న ఆలోచనతో అహ్మదాబాద్ ఐఐఎంలో 1990లలో పని మొదలైంది. దూరదర్శన్ పాటల కార్యక్రమాల్లో దాన్ని అమలు చేశారు కూడా. ఇంట్లో మనమూ చేయవచ్చు: పిల్లలకు కంఠతా వచ్చిన పాటను తెలుగు అక్షరాలతో చూపించే వీడియోలు దొరుకుతాయి. నోటికి వచ్చిన మాటను కన్ను వెతుక్కుంటుంది. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పెట్టి తెలుగు సినిమా చూపిస్తే ఇంగ్లీషు చదవడం మెరుగుపడవచ్చేమో గాని, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. తెలంగాణ ప్రభుత్వపు టీ-శాట్ చానళ్ల తెలుగు పాఠాలు కూడా ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉన్నాయి.

టీవీ చదువుకు నిజంగా మేలు చేసిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. 1969లో అమెరికాలో మొదలైన సెసేమీ స్ట్రీట్ కార్యక్రమం బాగా అందిన ప్రాంతాల పిల్లలు తమ వయసుకు తగిన తరగతిలో కొనసాగినట్టు తరువాతి పరిశోధనలు చూపాయి. మన దేశంలో 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సహా ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు టీవీ పాఠాలు ప్రసారం చేశారు. వాటిలో తెలుగు ప్రసారాలూ ఉన్నాయి. పిల్లల వయసుకు తగినట్టుగా, ఏదో ఒకటి నేర్పాలని పనిగట్టుకుని తయారుచేసిన కార్యక్రమాలవి. జంతువుల చానలు పెట్టి వదిలేస్తే సైన్సు వస్తుందనుకోవడం మాత్రం అత్యాశ, పక్కన కూర్చుని "ఇదెందుకు ఇలా చేసింది?" అని అడిగేవారుంటే వస్తుంది.

బడి నడుస్తుండగా సినిమా హాలుకు తీసుకెళ్లవచ్చా?

నిరభ్యంతరంగా. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల సినిమాకు మొదలు, తుది ఉంటాయి. ఓటీటీలో ఒక భాగం ముగియకముందే మరొకటి మొదలవుతుంది. చదువుకు రెండోదే ప్రమాదం. ఓటీటీ సెట్టింగులలో తరువాతి భాగం దానంతట అదే మొదలుకాకుండా ఆపే వీలుంది, ముందుగా ఆ పని చేయండి. సెన్సారు ధ్రువపత్రం కూడా చూడండి. 2024 నుంచి యూఏ విభాగంలో 7, 13, 16 ఏళ్ల వయోపరిమితులు వేరువేరుగా ఇస్తున్నారు. సంక్రాంతికి తెలుగు, తమిళ పెద్ద సినిమాలు ఒకేసారి విడుదలవుతాయి కనుక, పదో తరగతి పిల్లలతో ఏది చూడాలో ముందే మాట్లాడుకుని ఒకటి ఎంచుకోవడం మేలు.

పదో తరగతి, ప్లస్ టూ ఏడాదిలో కేబుల్ తీసేయించాలా?

తీసేయించినా ఫోను ఉంటుంది. ఏడాది పొడవునా నిషేధం విధించిన ఇళ్లలో పిల్లలు స్నేహితుల ఇళ్లలో, బాత్రూములో, దుప్పటి కింద చూస్తారు. చూడటంతో పాటు దాచడం కూడా నేర్చుకుంటారు. అసలు చిక్కు మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది, ఎందుకంటే పబ్లిక్ పరీక్షల కాలంలోనే ఐపీఎల్ మొదలవుతుంది. రాత్రి 7:30కి మొదలైన మ్యాచ్ పదకొండు దాటేదాకా సాగుతుంది. చేపాక్‌లో చెన్నై జట్టు ఆడుతుంటే వీధంతా అరుస్తుంది, పిల్లవాడొక్కడినే గదిలో కూర్చోబెట్టి తండ్రి హాల్లో మ్యాచ్ చూస్తే ఆ పిల్లవాడు చదివేది ఏమీ ఉండదు. పరీక్ష ముందు రాత్రి ఇంట్లో ఎవరూ చూడకూడదు. పరీక్షల మధ్య సెలవు దొరికితే తండ్రీ కొడుకులు కలిసి మొదటి ఇన్నింగ్స్ చూసి ఆపేయవచ్చు.

టీవీ వల్లనే మా అబ్బాయి వెనుకబడ్డాడో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఒక వారం పాటు ఏమీ మార్చకుండా, ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, ఎంతసేపు చూశాడు, హోంవర్కుకు ఎప్పుడు కూర్చున్నాడు అన్నవి ఒక పుస్తకంలో రాయండి. తరువాతి మూడు వారాలు రాత్రి టీవీని మాత్రం ఆపి చూడండి. ఉదయం లేపడం తేలికై, బడి నుంచి ఫిర్యాదులు తగ్గితే కారణం దొరికినట్టే. ఏ మార్పూ లేకపోతే వేరేచోట వెతకాలి. నల్లబల్ల కనిపించడం లేదేమో కంటి పరీక్ష చేయించండి. అక్షరాలు తారుమారు చేయడం, చదివింది అర్థం కాకపోవడం ఉంటే అభ్యసన లోపాలు పరీక్షించే నిపుణులను కలవండి. స్నేహితులను మానేసి, ఆటలు మానేసి రోజంతా తెర ముందే ఉంటున్నాడంటే బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో నెమ్మదిగా అడగండి.

మంచి మార్కులు తెస్తే టీవీ సమయం పెంచుతామని ఆశ పెట్టవచ్చా?

మేము వద్దంటాం. బహుమతిగా ఇచ్చే వస్తువు మీద పిల్లలకు మోజు పెరుగుతుంది, దాన్ని సంపాదించడానికి చేసే పని మీద విసుగు పెరుగుతుంది. టీవీ సమయం మార్కులతో ముడిపడకుండా, అన్నం వేళ లాగా, స్నానం వేళ లాగా రోజులో ఒక స్థిరమైన చోట ఉండనివ్వండి. మార్కులు బాగా వస్తే మెరీనాకో, కోటూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయానికో తీసుకెళ్లండి. ఆ గ్రంథాలయంలో పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది.